వయోపరిమితి దాటిన కోరిక

మన సాహిత్యంలో కోరికకు వయస్సు వున్నది. పడుచువాడి కోరికను ప్రబంధకవులు వర్ణించారు. భావకవులు దాన్ని విరహంగా మలిచారు. నవలాకారులు దానికే సాంఘిక సమస్య అని పేరు పెట్టారు. అరవై దాటినవారి కోరిక దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన కలాలు మొండికేస్తాయి. ముసలివాళ్లకు మన రచయితలు మంజూరు చేసిన కోరికలు రెండే: కాశీకి పోయి రావడం, మనమరాలి పెండ్లి కళ్లారా చూడడం. ఈ రెండింటిలో చేరని మూడో కోరిక ఏదైనా వొక ముసలమ్మ నోటివెంట వచ్చిందా, ఆమె కథలో హాస్యపాత్ర అయి కూర్చుంటుంది.

కొంతకాలంగా ఈ పరిస్థితి మారిందని కొందరు మిత్రులు అంటున్నారు. నిజమే, మన పత్రికల కథల్లో కొత్త వృద్ధపాత్ర వొకటి కనిపిస్తున్నది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. పిల్లలు దూరదేశాల్లో వుంటారు. ఒకనాడు ఆయనకు చిన్ననాటి కోరిక జ్ఞాపకం వస్తుంది: వీణ నేర్చుకోవాలనో, హిమాలయాలు చూడాలనో. “ఇప్పటికైనా మించిపోలేదు” అనుకొని బయలుదేరుతాడు. కథ చివర సూర్యోదయమో, ఒక రాగమో వుంటుంది. ఈ కథలు చెడ్డవని నేను అనను. కొన్నింటిని తరగతిలో విద్యార్థులకు చదివి వినిపించాను కూడా. కాని ఈ పాత్రకు నెల మొదటి తారీఖున పింఛను వస్తుందన్న సంగతిని రచయిత ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాడు. కథను నడిపే చక్రం ఆ వాక్యంలోనే వున్నది. పింఛను లేని మనిషి కోరికలు ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్న ఆ కథలకు తట్టదు. నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్నను గురించి.

ఈ చూపు కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఉద్యోగి. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారి పొడుగునా ఆయన రాసిపెట్టిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో, ఆయన పోయిన తరువాత, అచ్చయింది. మన వచన సాహిత్యంలో అది అమూల్యమైన గ్రంథం. ఏ ఊరిలో ఏమి దొరుకుతుంది, ఏ దారిలో నీళ్లు బాగుంటాయి, ఏ ఘాటు ఎట్లా ఎక్కాలి అన్నవన్నీ ఆయన చూచినట్టు మరొకరు చూడలేదు. ఆయన జీవితకాలపు కోరిక తీరింది, మనకొక పుస్తకం దక్కింది. అయితే ఆయన పల్లకీని మోసిన బోయీలు కూడా కాశీ వరకు నడిచారు గదా! ఒకరి కోరిక బరువును భుజాన వేసుకొని అంతదూరం నడిచినవారికి సొంత కోరిక ఏదైనా వుండివుంటుందా? దానిని గురించి ఆ గ్రంథం ఏమీ చెప్పదు. వీరాస్వామయ్యను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. బోయీలకు జ్వరం వస్తే బెంగపడిన సహృదయుడు ఆయన. నేను చెప్పేదల్లా ఇది: కోరిక తీర్చుకోవడానికి ఒకరి ఆయుర్దాయంలో తీరిక దొరకాలంటే, ఆ తీరికను ఇంకొకరి ఆయుర్దాయంలోంచి కోసి తీసుకోవలసిన వ్యవస్థ ఒకటి మన మధ్య వున్నది.

రష్యన్ సాహిత్యంలో రెండు కథలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ 1886లో వచ్చింది. ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధికారి. మంచి జీతం, మంచి ఇల్లు, పేకాట స్నేహితులు. పరదాలు తగిలించబోయి నిచ్చెనమీద నుంచి జారి, ఆ జబ్బుతో మంచంపట్టి, తాను బతికిన బతుకు అసలు బతుకేనా అని ఆఖరి రోజుల్లో అడుగుతాడు. అంతకు నలభైనాలుగేళ్ల ముందు, 1842లో, గోగోల్ ‘ఓవర్‌కోటు’ రాశాడు. అందులో అకాకి అకాకియెవిచ్ కాగితాలకు నకళ్లు రాసే చిన్న గుమాస్తా. అతని జీవితంలో ఉన్నది ఒకే ఒక్క కోరిక, ఒక కొత్త కోటు. దానికోసం సాయంత్రంపూట టీ మానేశాడు, కొవ్వొత్తి వెలిగించడం మానేశాడు, చెప్పులు అరగకుండా మునివేళ్లమీద నడిచాడు. కోటు వచ్చిన రోజునే దొంగలు లాక్కున్నారు. ఇవాన్ ఇల్యీచ్‌కు ఆలస్యమయింది, ఎందుకంటే అతడు అడగలేదు. అకాకికి ఆలస్యం కాలేదు, వాయిదా కూడా వేయలేదు, ఉన్న శక్తినంతా కూడగట్టి సకాలంలోనే తీర్చుకున్నాడు. అయినా దక్కలేదు. “ఆలస్యం చేయకు” అన్న హితవు ఇవాన్ ఇల్యీచ్‌కు పనికివస్తుంది, అకాకికి దానితో ఏమి పని? మన కొత్త కథకులు ఇవాన్ ఇల్యీచ్‌లకు చెప్పవలసిన మాటను అకాకీలకు కూడా చెప్పి, తీరా వాళ్లు వినకపోతే అది వాళ్ల బద్ధకమని తేల్చివేస్తున్నారు.

ఇక మా ప్రాంతానికి వస్తాను. మాది సోమశిల. తెలుగుదేశంలో ఈ పేరుతో కృష్ణ ఒడ్డున మరో ఊరు వున్నది గనుక చెబుతున్నాను, మాది పెన్న ఒడ్డున, నెల్లూరు జిల్లా పడమటి అంచున వున్న సోమశిల. ఆనకట్ట వెనక 78 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. ఆ నీటికి ఎగువన కడప జిల్లా పల్లెలు మునిగి వున్నాయి, దిగువన నెల్లూరు వరిచేలు పండుతాయి. పక్కనే ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలలో వాన కోసం ఆకాశం వంక చూచే సేద్యమే ఎక్కువ. తిక్కన నడయాడిన పెన్న ఇదే. నన్నయ ఆపిన భారతం రెండు వందల యేండ్లకు పైగా ఎదురుచూచి నెల్లూరులో తిరిగి మొదలయింది. పుస్తకం అంతకాలం ఎదురుచూడగలదు. మనిషి చూడలేడు.

ఉదయగిరి ఏలిక బసవరాజుకు దూబగుంట నారాయణకవి తన ‘పంచతంత్రం’ అంకితమిచ్చాడు. పంచతంత్ర కథకు చట్రం అందరికీ తెలిసినదే: మందమతులైన రాకుమారులు, వారిని ఆరునెలలలో తీర్చిదిద్దుతానని పూనుకొన్న విష్ణుశర్మ. సంస్కృత మూలంలో ఆ విష్ణుశర్మకు ఎనభై ఏండ్లు. వ్యాకరణం ఒక్కదానికే పన్నెండేళ్లు పడుతుంది, ఆయువు చూస్తే కొద్ది, విఘ్నాలు చూస్తే అనేకం, కాబట్టి హంస పాలను తీసుకొన్నట్టు సారాన్ని మాత్రం తీసి చెప్పాలన్నది ఆ గ్రంథపు తొలి ప్రతిపాదన. పాఠ్యప్రణాళిక గురించి ఇంత ఆచరణాత్మకమైన మాట మన ప్రాచీనులు మరెక్కడా చెప్పినట్టు లేదు. కాని ఆ తొందర ఎవరికోసం? రాజ్యమేలబోయే ముగ్గురు కుర్రవాళ్లకోసం. చదువు లేని రాజు ప్రమాదం గనుక ఎనభై ఏండ్ల పండితుడు దిగివచ్చాడు. చదువు లేని కూలిమనిషి ఎవరికీ ప్రమాదం కాదు గనుక ఐదు వందల ఏండ్లపాటు ఎవరూ రాలేదు.

వచ్చినప్పుడు మటుకు వరస తిరగబడింది. కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరున్నది. 1991లో ఆ ఊళ్లో ముసలివాళ్లు పలకలు పట్టుకున్నారు, కుర్రవాళ్లు గురువులయ్యారు. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలయింది. నెల్లూరు జిల్లాలో అది ‘అక్షరదీపం’ పేరుతో 1991 జనవరినుంచి రాత్రిబడులుగా నడిచింది. జనవిజ్ఞానవేదిక కార్యకర్తలు, ఊళ్లోని పదో తరగతి చదివిన పిల్లలు జీతం లేకుండా పాఠాలు చెప్పారు. ఆ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారిలో అక్షరాస్యులు నూటికి 33 మంది కూడా లేరు.

ఆ చదువుకు వయోపరిమితి వున్నది. మిషన్ పెట్టుకున్న లక్ష్యం పదిహేనునుంచి ముప్పయి అయిదేళ్ల లోపు వారు. ముప్పయి ఆరో ఏడు వచ్చిన మనిషిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. దీనికి కారణాలు చెప్పవచ్చు. డబ్బు తక్కువ, పనిచేసే వయసువారికి ముందు నేర్పితే దేశానికి లాభం ఎక్కువ అని అంటారు. సోవియట్ ప్రభుత్వం 1919 డిసెంబరులో నిరక్షరాస్యతా నిర్మూలన శాసనం తెచ్చినపుడు కూడా ఎనిమిదినుంచి యాభై అని గీత గీసింది. వారి గీతకంటే మన గీత పదిహేనేళ్లు ఇవతలనే వున్నది. అంటే “మించిపోయింది” అనేది మనిషికి తనకు తానుగా కలిగే అనుభూతి మాత్రమే కాదన్నమాట. దానిని అంకెలలో నిర్ణయించి కాగితంమీద అచ్చువేయవచ్చు. మన కథలలో ఆలస్యానికి కారణం ఎప్పుడూ మనసే, జంకు, మొగమాటం, అలవాటు. అచ్చయిన అంకె ఒకటి మనిషి కోరికకు అడ్డం నిలుచున్న కథను నేనింతవరకు చదవలేదు.

మా అవ్వకు అప్పటికి యాభై అయిదేళ్లు. మా ఊరి రాత్రిబడిలో పాఠం చెప్పింది మా అమ్మ. అంటే కోడలు గురువు, అత్త శిష్యురాలు. కాని పట్టీలో అవ్వ పేరు లేదు. వయసు దాటిన వాళ్ల పేర్లు రాయనక్కరలేదని అమ్మకు ముందే చెప్పారు. అవ్వ లాంతరుకు దూరంగా, గోడకు ఆనుకొని, పలక లేకుండా కూర్చునేదట. నాలుగు రోజులు చూచి అమ్మ తన పలకనే ఇచ్చింది. “రాత్రి గంటసేపు నేను అత్తను, ఆమె కోడలు. తప్పు రాస్తే నా మొగం చూసేది గాదు” అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఇంట్లో మగవాళ్లు ఏమీ అనలేదు గాని, “ఈ వయసులో అమ్మ కలెక్టరవుతుందా” అని మా నాయన ఒకసారి అన్నాడట. దానికి అవ్వ చెప్పిన జవాబు మా ఇంట్లో సామెతయి నిలిచింది: “కలెక్టరు చదివే కాయితం గాదురా నాది.”

ఆ కాయితం సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ బడిలో చదివిన పాఠం సంగతి.

అక్షరదీపం వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం వున్నది. కూలి డబ్బును సారాకు తగలేసే భర్తతో వేగే పేదరాలి కథ అది. పాఠం చదివిన తరువాత, ఈ స్థితికి కారణమెవరు అని అక్కడ కూర్చున్నవాళ్లు మాట్లాడుకోవాలి. దూబగుంట ఆడవాళ్లు మాట్లాడుకున్నారు, లేచి సారా కొట్టు దారి పట్టారు. వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మగా దేశమంతా పేరు విన్న ఆ మనిషి, వాళ్లకు ముందు నిలిచింది. తరువాత దూబగుంట కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో పాఠమయి మిగతా ఊళ్ల బడులకు చేరింది. 1992లో నెల్లూరు జిల్లా సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, అది పోయింది కూడా.

ఈ చరిత్రను మనవాళ్లు చాలాసార్లు చెప్పారు. సాహిత్య విమర్శకులు మాత్రం ఆ పాఠాన్ని పాఠంగా చూడలేదు. అది వాచకంలో వున్నది, రచయిత పేరు ఊరిమీద పడలేదు, బహుమతి రాలేదు, కనుక అది సాహిత్యం కాదనుకున్నారు. వస్తువు, శిల్పం, ప్రయోజనం అని మనం ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నాము గదా, ఒక కథ చదివి పాఠకులు లేచి బయటికి నడవడం మన భాషలో ఎన్నిసార్లు జరిగింది? శిల్పం గురించి కూడా చెప్పుకోవలసింది వున్నది. అక్షరాలు కూడబలుక్కునే మనిషికి రాసే కథలో కష్టమైన మాట పడకూడదు, సంయుక్తాక్షరం వచ్చేముందు మూడుసార్లు ఆలోచించాలి, వాక్యం నాలుగు మాటలు దాటకూడదు. దీర్ఘ సమాసం రాయగలవాడు గొప్పవాడే. కాని ఒత్తులు తప్పించి ఒక ఆడమనిషి దుఃఖం చెప్పడానికి కావలసిన నేర్పు వేరు. వాచక రచనను మన విశ్వవిద్యాలయాల్లో ఒక్క ప్రశ్నగానైనా పెట్టరు. నేను చదివిన ఎం.ఏ.లో ఛందస్సుకు ఒక పూర్తి పత్రం వున్నది, ఈ వాచకం పేరు ఒక్క అధ్యాపకుడి నోటా వినలేదు.

ఇంతవరకు చెప్పినది మన సంఘంవారందరికీ సమ్మతమే అయివుంటుంది. ఇకమీద చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు.

సీతమ్మ కథను మెచ్చుకున్నవాళ్లందరూ, నాతో సహా, దానిని ఆయుధమని మెచ్చుకున్నాము. చదువు ఆయుధం, అక్షరం అగ్గిరవ్వ, ఇట్లాంటి మాటలు మన సభలలో వినీవినీ అరిగిపోయాయి. ఈ మాటలలో అసత్యం లేదు, లోపం వున్నది. ఆయుధమంటే ఎవరో ఒకరు దానిని మరొక పనికోసం చేతికిచ్చారని. పని అయిపోతే ఆయుధాన్ని మూల పెట్టవచ్చు. జరిగింది అదే. సారా ఆగిన తరువాత రాత్రిబడులను గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు. మా ఊళ్లో బడి ముగిసిన ఏడాదికి కొత్తగా చదివినవాళ్లకోసం పుస్తకాల పెట్టె ఒకటి వచ్చింది. ఆ తరువాత మరో పెట్టె రాలేదు. సామాజిక ప్రయోజనం నెరవేరింది, మనిషి కోరిక సగంలో నిలిచింది. ఒక సహాధ్యాపక మిత్రుడితో ఈ మాట అంటే ఆయన నవ్వి, “వ్యక్తిగతమైన కోరికలను పట్టుకొని వేలాడడం మధ్యతరగతి జబ్బండీ, సమష్టిలో కలిసినపుడే వాటికి అర్థం” అన్నాడు. ఆయన మాటను గౌరవిస్తూనే అడుగుతున్నాను: సొంత ముచ్చట కలిగివుండడం మధ్యతరగతి గుత్తసొత్తు ఎప్పుడయింది? వీణ నేర్చుకునే పింఛనుదారుకు ముచ్చట, కూలిమనిషికి చైతన్యం అని పంచిపెట్టినవాళ్లెవరు? కూలిమనిషి ప్రతి కోరికా ఉద్యమానికి ఉపయోగపడి తీరాలనడంలో, పైకి అభ్యుదయంగా కనిపించినా, యజమాని లెక్క వున్నది. ఆమె ప్రతి గంటా దేనికో ఒకదానికి పనికిరావాలన్నదే గదా ఆయన లెక్క కూడా.

మన సాహిత్యంలోనే ఒక నిదర్శనం వున్నది. బండారు అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చొని తెలుగూ హిందీ నేర్చుకున్నది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది, 1905లో ముప్పయి ఏండ్లకే పోయింది. ఆమె తొందర మనకు ఈనాడు తెలుస్తున్నది. ఆమె సంఘసంస్కర్త అయింది, సమాజాలు స్థాపించింది, అదంతా నిజమే. కాని మొదట ఆ గది మూల కూర్చున్నపుడు ఆమె సంఘాన్ని సంస్కరించడానికి కూర్చోలేదు. చదవాలనిపించి కూర్చున్నది. ఆ మొదటి కోరికను గౌరవించని విమర్శ ఆమె చివరి ఫలితాన్ని మాత్రం జమకట్టుకుంటుంది.

ఇప్పుడు అవ్వ కాయితం.

1966లో మా తాత ఎకరంన్నర పొలం అమ్మాడు. ఆ కరువు రోజులలో మెట్టపొలం అమ్ముకోనివాళ్లు ఎవరని! ఆ అమ్మకపు కాగితంమీద అవ్వ వేలిముద్ర వున్నది. తరువాత ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా ఆ మాట తిరిగి వచ్చేదట: “నువ్వు వేలు పెట్టబట్టే గదా పొలం పోయింది. పెట్టనంటే నిలబడేది.” తాత అనేవాడు, తాత అన్నదమ్ములు అనేవాళ్లు. అవ్వ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆ కాయితంలో ఏమున్నదో ఆమెకు తెలియదు. తన బొటనవేలే పొలాన్ని మింగిందని నమ్మింది. ఇరవై అయిదేళ్లపాటు ఆమెకు వున్న ఒకే ఒక్క కోరిక ఆ కాయితం చదవడం. పొలం తిరిగి వస్తుందని కాదు. న్యాయస్థానానికి పోదామనీ కాదు. చదవాలి, అంతే.

వాచకం మూడు భాగాలూ అయిన తరువాత ఒక మధ్యాహ్నం ఆమె ట్రంకుపెట్టెలోంచి కాయితం తీసింది. పక్కన ఎవరూ వుండకూడదని తలుపు వేసుకున్నదట. సాయంత్రం తలుపు తీసి మా అమ్మతో, “పాపా, ఇది తెలుగు గాదు” అన్నది.

తెలుగే. గొలుసుకట్టు రాత. పాత దస్తావేజు లేఖకులు కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి మరొక అక్షరంలోకి పోతూ రాసే ఆ రాతను ఈ తరంవాళ్లు చూచివుండరు. తలకట్లు తీగలై, ఒత్తులు చుక్కలై, వాక్యానికి మొదలూ చివరా తెలియదు. అవ్వ నేర్చుకున్నది పెద్ద టైపులో విడివిడిగా అచ్చువేసిన అక్షరాలను. ఆమె చదువూ నిజం, ఆ కాగితమూ నిజం, రెండూ ఒక భాష కాదు. మా అమ్మ ప్రయత్నించింది, చేతకాలేదు. చాలా యేండ్ల తరువాత నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నానని విని అవ్వ ఆ కాయితం నా చేతికిచ్చింది. “నువ్వు పెద్ద చదువు చదవతా వుండావు గదా, ఏముండాదో చెప్పు” అన్నది. చూచాను. తేదీ తెలిసింది, తాత పేరు తెలిసింది, ‘ఎల్లలు’ అన్న మాట తెలిసింది. మిగతాది తెలియలేదు. సెలవులకు వచ్చినపుడు నిదానంగా చూస్తానని చెప్పాను. ఆ మాట నేను మూడు సెలవులు చెప్పాను. 2009లో అవ్వ పోయింది.

గొలుసుకట్టు చదవగల ఒక పెద్దాయన ఆత్మకూరులో దొరికాడు, అదీ నేను ఉద్యోగంలో చేరిన తరువాత. ఆయన కళ్లద్దాలు సవరించుకొని అయిదు నిమిషాలలో చదివి వినిపించాడు. అమ్మినవాడు మా తాత, కొన్నవాడు పక్క ఊరి రైతు. చివర ఇద్దరు సాక్షులు. రెండో సాక్షి కింద మా అవ్వ పేరు రాసి ‘నిశానీ’ అని వున్నది. ఆమె అమ్మకందారు కాదు. ఆమె వద్దంటే ఆ వేలు స్థానంలో వీధిలో పోయే మరొకరి వేలు పడివుండేది. పొలం ఎట్లాగూ పోయేది.

ఈ సంగతిని నేను కథగా రాయవచ్చునని మిత్రులు అన్నారు. రాయలేదు. కథ అయితే చివర అవ్వ బతికి వుండాలనిపిస్తుంది. పైగా నా తప్పును ఆమె విషాదంగా మార్చి పత్రికకు పంపడం నాకు నచ్చలేదు. విమర్శగా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో ఒక విమర్శ సూత్రం దొరికింది. సీతమ్మ కథ గెలిచినచోట, ఒక ఎకరంన్నర కాయితం దగ్గర, ఆ చదువు ఓడిపోయింది. ఓటమికి కారణం అవ్వ వయస్సు కాదు. చదువు వాచకం దగ్గర ఆపివేయబడింది, అంతకంటే పైది చదివినవాళ్లకు తీరిక లేకపోయింది. ఆలస్యం అవ్వది కాదు, మాది.

అవ్వలాంటివారికి నేర్పడం సాధ్యం కాదన్న వాదాన్ని మరో రాష్ట్రం ఎప్పుడో తుడిచివేసింది. 1991 ఏప్రిల్ 18న కోళికోడు మైదానంలో కేరళ సంపూర్ణ అక్షరాస్యతను ప్రకటించినది మంత్రి కాదు, పెద్దవయసులో అక్షరాలు దిద్దిన చేలక్కోడన్ ఆయిషా. 2018లో ఆలప్పుళ జిల్లా కార్త్యాయని అమ్మ తొంభై ఆరో ఏట పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకున్నది. 2023లో ఆమె మరణించింది. అయితే ఆమె గురించి వచ్చిన రాతలన్నీ మార్కుల దగ్గరే ఆగాయి. ఆమె తరువాత ఏమి చదువుకున్నది, ఏది చదవాలని మొదట బడికి వచ్చింది అన్న ప్రశ్నలు అడిగినవాళ్లు తక్కువ. మార్కులు మనకు వింతగా కనిపించాయి, చదువరి కనిపించలేదు. 2022నుంచి నడుస్తున్న కొత్త వయోజన విద్యా పథకంలో పదిహేనేళ్లు దాటిన అందరూ అర్హులే, పై గీత తీసివేశారు. మంచిదే. ఆ గీత పోయేసరికి అక్షరదీపంలో గోడకు ఆనుకొని కూర్చున్నవాళ్లు ఎంతమంది మిగిలారు?

ఈ ప్రశ్న నాకు లెక్కలకోసం కాదు. 1991లో నలభై ఏండ్ల మనిషికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. దూబగుంట రోశమ్మ 2016లోనే పోయింది. ఆ బడులలో ఆడవాళ్లు రాసుకున్న నోటుపుస్తకాలు, అధికారులకు రాసిన కార్డుముక్కలు, పాఠానికి తామే కట్టిన పాటలు ఎవరి ఇంట్లో ఏ పెట్టెలో వున్నాయో తెలియదు. నన్నయ మూడు పర్వాలలోపు ఆపితే తరువాతి కవులు వెతుక్కుంటూ వచ్చారు. ఒక తరం ఆడవాళ్లు నాలుగు పేజీలు రాసి ఆపితే ఎవరు వస్తారు? వాళ్ల రాతలను పోగుచేయాలని నేను ఎం.ఏ. చదివేటప్పటినుంచి అనుకుంటున్నాను. పిహెచ్.డి. విషయంగా ఒకసారి ప్రతిపాదిస్తే, సాహిత్య విలువ స్పష్టంగా లేదని తిరిగి వచ్చింది. అప్పుడు వేరే విషయం తీసుకున్నాను. అది నా సంజాయిషీ, దానిని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు.

పోయిన నెల మా అమ్మ ఒక మాట చెప్పింది. రాత్రిబడిలో అవ్వ పక్కన కూర్చున్న ఒకామె ఇంకా మా దిగువవీధిలోనే వున్నది. ఆమె దగ్గర నోటుపుస్తకం వున్నది. అందులో రోజుకొక వాక్యం చొప్పున, బడి మూతపడిన తరువాత కూడా, చాలాకాలం రాసింది. వాన పడిందనీ, గొడ్డు ఈనిందనీ, కూలి ఇవ్వలేదనీ. ఆమె చూపు మందగించింది. సంక్రాంతి తరువాత కావలిలో వున్న కూతురు తీసుకుపోతుందట. సామాను సర్దేటప్పుడు పాత కాయితాలు ఏంజేస్తారో తెలియదు గదా, అంతకు ముందే రమ్మని అమ్మ చెప్పింది. ఈ ఆదివారం పోతున్నాను. నోటుపుస్తకం ఇస్తే తెచ్చుకోవాలని గాక, ఆమె పక్కన కూర్చొని ఆమె రాసిన వరుసలోనే మొదటి పేజీనుంచి ఆమెకు చదివి వినిపించాలని.